మిన్నెసోటా చలికి నిలిచే పూల్ డెక్: పని నేల కింద నుంచి మొదలుపెట్టండి

మార్చి నెలాఖరున మంచు కరిగాక పెరట్లోకి వెళ్ళి చూస్తే, మా స్విమ్మింగ్ పూల్ చుట్టూ వేయించిన కాంక్రీటు ఒక పక్క పైకి లేచి ఉంది, ఇంకో పక్క పూల్ వైపు కుంగిపోయింది. మధ్యలో బొటనవేలు పట్టేంత పగులు. అది వేసి రెండు చలికాలాలే అయింది. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు. నీళ్ళ వైపు వాలిన ఆ పలక మీద పిల్లలు తడికాళ్ళతో పరిగెడతారన్న టెన్షన్ ఇంకో ఎత్తు. చివరికి దాన్ని పగలగొట్టించి, కింద మట్టి తీయించి, మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నాం. ఈ రెండోది మాత్రం కదలకుండా నిలబడింది.

మినియాపొలిస్ చుట్టుపక్కల ఉన్న మేపుల్ గ్రోవ్, ప్లిమత్, ఈడెన్ ప్రెయిరీ లాంటి చోట్ల ఇల్లు కొనుక్కుని, పెరట్లో పూల్ పెట్టించుకోవాలనుకునే తెలుగువాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "పైన ఏం వేయిస్తే బాగుంటుంది?" అని. చలి ప్రాంతంలో ఆ ప్రశ్న ఆఖరిది కావాలి. డెక్ ఎన్నాళ్ళు ఉంటుందన్నది పైన కనిపించే రాయి, చెక్క చెప్పవు. కింద నీళ్ళు ఎటు పోతున్నాయన్నది చెబుతుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం నేల కింద పని గురించే రాస్తున్నాను.

నేల ఎందుకు లేస్తుంది

నల్లరేగడి నేలలో ఇల్లు కట్టినవాళ్ళకి ఇది త్వరగా అర్థమవుతుంది. వానకి ఉబ్బి, ఎండకి కుంచించుకుపోయే ఆ మట్టి గోడలని ఎలా చీలుస్తుందో మనం చూశాం. ఇక్కడ అదే పని గడ్డకట్టిన నీరు చేస్తుంది.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. డెక్‌ని అంగుళాల కొద్దీ లేపేది మాత్రం ఆ ఒక్క పెరుగుదలే కాదు. నేల పైనుంచి కిందకి గడ్డకడుతూ పోతుంటే, ఆ గడ్డకట్టే చోటు కింది మట్టిలోని తేమని పైకి లాగుతుంది, దీపం వత్తి నూనె పీల్చినట్టు. అలా వచ్చిన నీరు పొరలు పొరలుగా మంచు పలకలై పేరుకుంటుంది. ఆ పలకలు మందమయ్యే కొద్దీ పైన ఉన్నదాన్నల్లా ఎత్తేస్తాయి. మార్చిలో పగలు కరగడం, రాత్రి మళ్ళీ గడ్డకట్టడం మొదలవుతుంది. పైపొర కరిగినా కింద ఇంకా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి నీరు దిగడానికి దారి ఉండదు. మట్టి బురదై, డెక్ ఇష్టమొచ్చినట్టు కుంగుతుంది.

ఇది జరగాలంటే మూడు ఉండాలి: చలి, నీరు, నీటిని పీల్చే సన్నటి మట్టి. ఒండ్రులాంటి మట్టి అన్నిటికంటే చెడ్డది. శుభ్రమైన కంకర నీటిని పైకి పీల్చలేదు. చలిని మనం ఆపలేం. మట్టిని మార్చగలం, నీటికి దారి చూపగలం. మన చేతిలో ఉన్న పని ఈ రెండే.

తవ్వే ముందు

ముందు సిటీ ఆఫీసులో పర్మిట్ తీసుకోండి. డెక్ కొలతలు, కంచె, కరెంటు పని అన్నీ ఆ ప్లాన్‌లో చూపించాలి. మిన్నెసోటాలో తవ్వకానికి ముందు 811కి ఫోన్ చేయడం తప్పనిసరి. శని, ఆది, సెలవులు కాకుండా కనీసం 48 గంటల ముందు చెబితే, గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగులతో గుర్తు పెడతారు. ఇది ఉచితం.

తరవాత మీ మట్టి సంగతి మీరే తెలుసుకోండి. ఒక అడుగు లోతు నుంచి తీసిన మట్టిని గాజు సీసాలో సగం వరకూ వేసి, నీళ్ళు పోసి, బాగా కలిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి చేరుతుంది. ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది. బంకమట్టి మర్నాటికి కూడా నీళ్ళని మురికిగానే ఉంచుతుంది. అలాగే అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. మర్నాడు చూసినా నీళ్ళు నిలిచి ఉంటే, మీ డెక్ కింద డ్రెయిన్ పైపు వేయక తప్పదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. పూల్ కోసం తవ్వేటప్పుడు పూల్ కంటే పెద్ద గొయ్యి తీస్తారు. గోడ చుట్టూ రెండు మూడు అడుగుల ఖాళీ మిగిలితే, తవ్విన మట్టినే అందులోకి తోసి పూడుస్తారు. ఆ మట్టి ఏడాది, రెండేళ్ళ పాటు దిగుతూనే ఉంటుంది. సరిగ్గా దాని మీదే డెక్ వస్తుంది! మా మొదటి కాంక్రీటు పూల్ పూడ్చిన ఆరు వారాలకే పోశారు. కుంగింది కూడా కచ్చితంగా ఆ గొయ్యి పూడ్చిన మేరకే.

కాబట్టి పూల్ కట్టేవాళ్ళతో ఒప్పందం రాసుకునేటప్పుడే, గోడ చుట్టూ శుభ్రమైన కంకరతో పూడ్చాలని రాయించండి. ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఇప్పటికే మట్టితో పూడ్చేసి ఉంటే కనీసం ఒక చలికాలం ఆగి, అప్పుడు డెక్ వేయండి. పూడ్చే ముందు పూల్ పైపులకి ప్రెషర్ టెస్ట్ చేయించి, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి. పైపు లీకైతే డెక్ కింద నీళ్ళు చేరేది అక్కడి నుంచే.

ఏది వేయాలి

పూల్ నేలలో ఉండి, పెరడు దాదాపు చదునుగా ఉంటే నా ఓటు పేవర్లకే. పేవర్లంటే విడివిడిగా పరిచే కాంక్రీటు బిళ్ళలు. నేల కాస్త కదిలినా అవి పగలవు. లేచిన చోట నాలుగు బిళ్ళలు తీసి, కింద సర్ది, మళ్ళీ అవే పెట్టేయొచ్చు. స్లాబ్ అయితే ఒక మూల లేచిందంటే మొత్తం పగలగొట్టాల్సిందే.

కాంక్రీటు స్లాబ్ చవక, శుభ్రం చేయడం తేలిక. నేల బాగా దిగి గట్టిపడి ఉంటేనే దాని జోలికి వెళ్ళండి. పూల్ నేల పైన నిలబెట్టినదైనా, పెరడు ఏటవాలుగా ఉన్నా చెక్క లేదా కాంపోజిట్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకల) డెక్ తప్ప వేరే దారి లేదు.

రంగు ఎంచుకునేటప్పుడు జనవరిని మర్చిపోయి జూలైని తలుచుకోండి. ముదురు రంగు ఎండలో అరికాలు పెట్టనివ్వదు.

ముగ్గు, మట్టం, వాటం

ముగ్గు పోసి, మేకులు కొట్టి, దారం కట్టండి. ఇంటి గోడకి మూలమట్టం సరిచూడడానికి 3-4-5 అడుగుల లెక్క చాలు: ఒక పక్క 3, ఇంకో పక్క 4 కొలిస్తే ఆ చివరల మధ్య 5 రావాలి. తరవాత వాటం. పూల్ అంచు నుంచి బయటికి అడుగుకి పావు అంగుళం చొప్పున వాలాలి. డెక్ వెడల్పు 12 అడుగులైతే బయటి అంచు 3 అంగుళాలు కిందకుండాలి. నీళ్ళు ఇంటి పునాది వైపు మాత్రం పోకూడదు. ఇల్లు, పూల్ దగ్గరగా ఉంటే రెండింటి మధ్య ఒక కాలువ డ్రెయిన్ పెట్టి, రెండు వైపుల నుంచీ వాటం దానికే ఇవ్వండి. ఇంటి కప్పు నీళ్ళు దిగే గొట్టం డెక్ పక్కనే వదులుతుంటే, దాన్ని ముందే దూరంగా మళ్ళించాలి. మా పెరట్లో కాంక్రీటు లేచిన పక్క ఆ గొట్టం ఉన్న పక్కే.

తవ్వకం, బేస్

లెక్క ఇలా వేసుకోండి: పేవర్ మందం 2⅜ అంగుళాలు, కింద పరుపు 1 అంగుళం, కంకర బేస్ 8 నుంచి 10 అంగుళాలు. మొత్తం సుమారు 11½ నుంచి 13½ అంగుళాల తవ్వకం. బంకమట్టైతే బేస్‌ని 12 అంగుళాలకి పెంచండి. తవ్వకం డెక్ అంచుతో ఆగకుండా ఇంకో అడుగు బయటికి పోవాలి. బేస్ అంచు డెక్ అంచుతో ఆగిపోతే చివరి వరస ముందు జారిపోతుంది.

తవ్విన అడుగుకి కూడా పైన ఇచ్చిన వాటమే ఇవ్వాలి, ఎందుకంటే కంకర గుండా దిగిన నీరు ఆ మట్టి మీదే పారుతుంది. అడుగుని మెషీన్‌తో దిమ్మిస చేసి, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళని పోనిచ్చి మట్టిని ఆపేది) పరిచి, గొయ్యి పక్కల మీదకి కూడా ఎక్కించండి. ఈ గుడ్డ లేకపోతే వసంతంలో బురదమట్టి మెల్లగా కంకరలోకి ఎక్కుతుంది. కొన్నేళ్ళకి మీ కంకర కూడా నీళ్ళు పీల్చే మట్టిలా తయారవుతుంది.

ఇప్పుడు కంకర. ఇక్కడ ఎక్కువమంది క్లాస్ 5 అనే రకం వాడతారు, అందులో రాయితో పాటు సన్నటి పొడి కూడా ఉంటుంది. గట్టిగా కూర్చుంటుంది కానీ, పొడి వల్ల కొంత తేమ పట్టి ఉంచుతుంది. పూల్ పక్కన ఎప్పుడూ నీళ్ళు పడుతూనే ఉంటాయి కాబట్టి నేను పొడి లేని, కడిగిన ముప్పావు అంగుళం కంకర వాడాను. దాని మీద పరుపుగా ⅜ అంగుళం చిప్స్, అంటే సన్నటి రాతి ముక్కలు. నీళ్ళు నిలవవు, నిలవనిది గడ్డకట్టదు.

కానీ ఒక జాగ్రత్త. బంకమట్టిలో తవ్విన గొయ్యిలో ఇలాంటి కంకర నింపితే అది పెద్ద తొట్టే. వచ్చిన నీరు బయటికి పోకపోతే అక్కడే నిండి గడ్డకడుతుంది. అందుకని గొయ్యిలో అన్నిటికంటే పల్లంగా ఉన్న అంచు వెంట 4 అంగుళాల చిల్లుల పైపు వేసి, పెరట్లో ఇంకా పల్లంగా ఉన్న చోట బయటికి తెరవండి. అలా తెరవడానికి పల్లం లేని పెరడైతే కడిగిన కంకర వద్దు. క్లాస్ 5 వేసి, పైన వాటం కాస్త కచ్చితంగా ఇచ్చుకోండి.

కంకరని ఒకేసారి పోయకూడదు. 3, 4 అంగుళాల పొర పోయడం, ప్లేట్ కాంపాక్టర్‌తో అటూ ఇటూ నాలుగైదుసార్లు తిప్పడం, మళ్ళీ పొర. మొత్తం పనిలో జనం తొందరపడేది ఇక్కడే. కాంట్రాక్టర్ చేస్తుంటే ఈ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి. లైనర్ పూల్ (లోపల ప్లాస్టిక్ షీటు పరిచినది) అయితే గోడకి అడుగున్నర లోపు పెద్ద మెషీన్ తేనివ్వకండి, అక్కడ చేతి దిమ్మిసే. పూల్ నిండా నీళ్ళు ఉండాలి, బయటి నుంచి మట్టి తోసే ఒత్తిడికి లోపలి నీళ్ళే గోడకి ఆసరా.

పేవర్ల కింద రాగి తీగ

పూల్ గోడ లోపలి అంచు నుంచి 3 అడుగుల వరకూ ఉన్న నేలంతా కరెంటు పరంగా పూల్‌తో కలిసి ఉండాలని అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెబుతుంది. నీళ్ళకీ, తడి నేలకీ మధ్య వోల్టేజి తేడా ఉంటే పిల్లలకి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. సాధారణంగా 8 గేజ్ రాగి తీగని పూల్ గోడ లోపలి అంచు నుంచి 18 నుంచి 24 అంగుళాల దూరంలో చుట్టూ తిప్పి, కనీసం నాలుగు చోట్ల పూల్ నిర్మాణానికి కలుపుతారు. నిచ్చెన, పంపు మోటారు, దగ్గర్లోని లోహమంతా దానికి కలవాలి. ఇది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా ఆ తీగ మీద ఒక్క పార కంకర కూడా వేయకండి.

పేవర్లు పరచడం

ఒక అంగుళం లావు పైపులు రెండు సమాంతరంగా పెట్టి, మధ్యలో చిప్స్ పోసి, వంకర లేని చెక్కతో లాగేస్తే పరుపు సమంగా వస్తుంది. పైపులు తీసిన గాడులు పూడ్చండి, పరుపు మీద నడవకండి. ఎత్తుపల్లాలని పరుపుతో సరిచేయాలని చూడొద్దు. బేస్‌లో తేడా ఉంటే బేస్‌నే సరిచేయాలి.

పేవర్లు కొనేటప్పుడు ఏ.ఎస్.టి.ఎం. సి936 అనే నాణ్యతా ప్రమాణం ఉందా అని అడగండి. దాని ప్రకారం సగటు బలం చదరపు అంగుళానికి కనీసం 8,000 పౌండ్లు, నీటిని పీల్చడం సగటున 5 శాతం లోపు ఉండాలి. నీటిని తక్కువ పీల్చే బిళ్ళే చలికి పెచ్చులూడకుండా ఉంటుంది. ఉప్పునీటి పూల్ అయితే ఇది ఇంకా ముఖ్యం, మెత్తటి సున్నపురాయి జోలికి అసలు పోకండి.

పూల్ అంచు నుంచి మొదలుపెట్టి బయటికి పరుచుకుంటూ రండి. కోసిన ముక్కలు బయటి అంచుకి వస్తాయి. చుట్టూ ఎడ్జ్ పట్టీ పెట్టి, 10 అంగుళాల మేకులు కొట్టండి. ఆ మేకులు బేస్‌లోకి దిగాలి, పక్క మట్టిలోకి కాదు. తరవాత సందులు నింపండి. క్లాస్ 5 బేస్‌కి మామూలు పాలిమెరిక్ ఇసుక (తడిపితే గట్టిపడేది) సరిపోతుంది, కడిగిన కంకర బేస్‌కి పనికొస్తుందని సంచి మీద స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. బిళ్ళలు పూర్తిగా ఆరి ఉండాలి, ఆ రోజు వాన సూచన ఉండకూడదు.

కోపింగ్‌కీ (పూల్ గోడ అంచు మీద పరిచే పలకలు) డెక్‌కీ మధ్య సందు విషయంలో రాజీ పడొద్దు. కోపింగ్ పూల్ గోడ మీద కూర్చుంటుంది, డెక్ నేల మీద కూర్చుంటుంది. చలికాలంలో రెండూ ఒకే తీరుగా కదలవు. మధ్యలో అర అంగుళం వదిలి, నురుగు తాడు దూర్చి, పైన సాగే పాలీయురేథేన్ సీలెంట్ పోయాలి. అందంగా ఉంటుందని ఆ సందులో సిమెంటు నింపితే, డెక్ లేచినప్పుడల్లా కోపింగ్‌ని తోస్తుంది. టైల్స్ ఊడేది అక్కడే.

కాంక్రీటే వేస్తానంటే

బేస్ పని అంతా పైన చెప్పినట్టే. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి: బలం 4,500 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), గాలి సుమారు 6 శాతం, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. ఆ గాలి కంటికి కనిపించని చిన్న చిన్న బుడగల రూపంలో ఉంటుంది. కాంక్రీటులో చేరిన నీరు గడ్డకట్టి పెరిగినప్పుడు సర్దుకోవడానికి అవే చోటిస్తాయి. అవి లేని కాంక్రీటు కొన్ని చలికాలాలకే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ట్రక్కు వచ్చాక పని తేలికవుతుందని నీళ్ళు కలపబోతే ఆపండి. పైకి ఊరిన నీరు ఆరకముందే తాపీ పెట్టనివ్వకండి. నున్నగా మెరిసే ఫినిష్ అడగకండి, చీపురు గీతలే కాలికి పట్టు.

4 అంగుళాల స్లాబ్‌కి 8 నుంచి 10 అడుగులకొక కోత, అంగుళం లోతున, పోసిన రోజే పడాలి. క్యూరింగ్ గురించి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. గోనెపట్టాలు కప్పి నీళ్ళు చల్లినట్టే, ఇక్కడ తడి దుప్పట్లు కప్పి వారం రోజులు తేమ ఆరనివ్వకూడదు. సెప్టెంబర్ సగానికల్లా పోయడం అయిపోవాలి. అక్టోబర్‌లో రాత్రులు గడ్డకట్టడం మొదలవుతుంది, ఆలోగా కాంక్రీటు బలం పుంజుకుని, లోపలి తడి ఆరాలి. ఆలస్యమైతే వచ్చే మే నెలకి వాయిదా వేయండి. అద్దంలా మెరిసే పైపూత సీలర్లు తడిస్తే జారతాయి. లోపలికి ఇంకే సైలేన్ రకం సీలర్ మంచిది.

చెక్క డెక్ అయితే

ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్) ప్రాంతంలో ఫుటింగ్, అంటే డెక్‌ని మోసే కాంక్రీటు పునాది స్తంభం, అడుగు కనీసం 42 అంగుళాల లోతున ఉండాలి, ఉత్తరాది జిల్లాల్లో 60 అంగుళాలు. లోతు ఒక్కటే చాలదు. గడ్డకట్టిన మట్టి కాంక్రీటు స్తంభాన్ని పక్కల నుంచి పట్టుకుని పైకి లాగుతుంది. అందుకే గుంతలో నేరుగా పోయకుండా నున్నటి అట్ట గొట్టంలో పోసి, అడుగుని వెడల్పు చేయాలి. పైన పుట్టగొడుగులా వెడల్పయితే మట్టి దాన్నే పట్టి లేపుతుంది. స్తంభం తల నేలకి కొన్ని అంగుళాలు పైన ఉండాలి, దాని మీద లోహపు దిమ్మ, ఆ పైన 6×6 చెక్క.

దూలం స్తంభం తల మీద కూర్చోవాలి, పక్కన బోల్టుతో వేలాడకూడదు. జాయిస్టుల (పలకల కింద అడ్డంగా వేసే చెక్కల) మధ్య 16 అంగుళాలు. ఇంటి గోడకి గానీ, పూల్ గోడకి గానీ డెక్‌ని కట్టకండి. నేల పైన నిలబెట్టిన పూల్ నేలతో పాటు కదులుతుంది, 42 అంగుళాల ఫుటింగ్ మీది డెక్ కదలదు. రెండింటినీ కలిపితే నలిగేది పూల్ గోడే. మేకులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనండి, క్లోరిన్‌కీ, చెక్కకి పట్టించిన రాగి మందుకీ మామూలు ఇనుము ఆగదు. కాంపోజిట్ పలకల మధ్య ఎంత సందు వదలాలో వేసే రోజు ఉష్ణోగ్రతని బట్టి కంపెనీ పట్టికలో ఉంటుంది. చల్లటి రోజు బిగించిన పలక జూలైలో సాగి ఉబ్బుతుంది. డెక్ నేల నుంచి 30 అంగుళాలు దాటితే 36 అంగుళాల రెయిలింగ్ ఉండాలి, కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు.

కంచె స్తంభాలు కూడా

పూల్ కంచె కనీసం 48 అంగుళాల ఎత్తుండాలి, కొన్ని ఊళ్ళు ఇంకా ఎక్కువ అడుగుతాయి. గేటు బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. డెక్ ఫుటింగులు లోతుగా తవ్వినవాళ్ళే కంచె స్తంభాలని రెండడుగుల్లో పాతేస్తారు. మార్చిలో ఆ స్తంభం పక్కకి ఒరిగితే గడియ అందదు, గేటు తెరిచే ఉండిపోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో దానికంటే ప్రమాదం లేదు. గేటు స్తంభాలు రెండైనా 42 అంగుళాలు దింపండి.

మొదటి చలికాలం, ఆ తరవాత

పూల్ మూసేటప్పుడు తోడిన నీళ్ళని డెక్ పక్కన వదలకండి, గొట్టం వేసి దూరంగా పంపండి. పూల్ మొత్తం ఖాళీ చేయకూడదు, నేలలోని నీటి ఒత్తిడికి పూల్ అడుగే పైకి లేవొచ్చు. మంచు తీయడానికి ప్లాస్టిక్ పార వాడండి, చెక్క డెక్ మీద పలక పొడవు వెంటే తోయండి. కాంక్రీటు మీద ఉప్పు వద్దు, మొదటి ఏడాది అసలే వద్దు. అమ్మోనియం ఉన్న మంచు మందులు కాంక్రీటునే తినేస్తాయి. జారకుండా కాస్త ఇసుక చల్లండి, అది చాలు.

ఏప్రిల్‌లో నేల పూర్తిగా కరిగాక ఒక సాయంత్రం కేటాయించండి. పూల్ అంచు నుంచి బయటి అంచుకి దారం లాగి, నాలుగైదు చోట్ల వాటం కొలిచి, కిందటేడు అంకె పక్కన రాసుకోండి. గేటుని తెరిచి వదిలి, గడియ పడిందో లేదో చూడండి. కోపింగ్ సీలెంట్ ఎక్కడైనా విడిపోతే కోసి కొత్తది పోయండి. డ్రెయిన్ పైపు బయటి మూతి దగ్గర ఆకులు తీసి, డెక్ మీద బకెట్ నీళ్ళు కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో గమనించండి. ఎక్కడైనా నిలిస్తే అక్కడి బిళ్ళలు రెండు పట్టుకారుతో తీసి, గుప్పెడు చిప్స్ వేసి, రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెట్టండి. పూల్ కవర్ తీసే పని ఆ తరవాతే.